చక్రమునకు పూత – చౌక బేరమున తగ్గునదేమి?

కారు గల గృహములలో తరచుగ వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. చక్రములపై రంగు లేచిపోయినది. అక్కడక్కడ తెల్లని పొక్కులు పట్టినవి. వీటికి పౌడర్ కోటింగు చేయించవలెనా, మానవలెనా? ఒక కర్మశాలవారు ఒక ధర చెప్పుదురు. పక్కవీధిలోనివారు అందులో సగమునకే నాలుగు చక్రములను సాయంత్రమునకు సిద్ధము చేసి యిచ్చెదమందురు. రెండుచోట్లను మాదిరికి తగిలించిన చక్రములు ఒక్క తీరుననే మెరయుచుండును. ఇంటి యజమానికి సగము ధరయే ఇంపుగ తోచుట సహజము. ఒకే వస్తువు రెండు ధరలకు దొరకునపుడు తక్కువ ధరకు కొనుటయే లోకరీతి. కాని ఇచ్చట రెండుచోట్ల దొరకునది ఒకే వస్తువా అనునదే విచారింపవలసిన విషయము. దీనికి జవాబు ధరల పట్టికలో లేదు. చక్రము, లోహము, రంగు అను మూడును నడచివచ్చిన త్రోవలో ఉన్నది. ఆ త్రోవను కొంత దూరము శ్రోతలతో కలసి నడచి, పిమ్మట ప్రశ్నకు మరలి వచ్చెదము.

మన పల్లెలలో ఎడ్లబండి చక్రమును చేయువాడు వడ్రంగి. దానికి ఇనుప పట్టా తొడుగువాడు కమ్మరి. పట్టాను చక్రము చుట్టుకొలత కన్న ఇంచుక చిన్నదిగ చేసి, మంటలో ఎఱ్ఱగ కాల్చి, అది సాగి యున్నపుడు చక్రమునకు తొడిగి, వెంటనే నీళ్ళు పోయుదురు. పట్టా చల్లారి ముడుచుకొని ఆకులనన్నిటిని బిగించివేయును. కాల్పు తగ్గినచో పట్టా ఎక్కదు. నీళ్ళు పోయుట ఆలస్యమైనచో కర్ర మాడును. చక్రమునకు బలము వచ్చుటయు, పోవుటయు వేడిమిని ఎంతవరకు వాడవలెనో ఎరుగుటలో ఉన్నదని కమ్మరి ఏ గ్రంథమును చదువకయే ఎరుగును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందము. కారు చక్రము విషయమున ఇదే మరల మనకు ఎదురగును.

తొలినాటి మోటారు కార్లు గుఱ్ఱపు బగ్గీల వారసత్వమును పుచ్చుకొన్నవి. చక్రములు కర్రవి, రంగులు బగ్గీల రంగులే. నూనెతో కలిపిన రంగులను, వార్నిషులను పొరపై పొరగ కుంచెతో వేసి, ప్రతి పొరను ఆరనిచ్చి, రుద్ది, తిరిగి వేయుచుండిరి. మేలైన బండికి ఈ పని ముగియుటకు వారముల కాలము పట్టుచుండెను. 1908లో హెన్రీ ఫోర్డు తన ‘మోడల్ టి’ కారును విడుదల చేసెను. దాని చక్రములకును కర్ర ఆకులే. 1913లో అతడు కదలెడి వరుసపై కార్లను కూర్చు పద్ధతిని ప్రవేశపెట్టగా, అంతకు ముందు పన్నెండున్నర గంటలు పట్టుచుండిన చట్రపు కూర్పు కొద్దికాలములోనే సుమారు 93 నిమిషములకు దిగివచ్చినది. కారు గంటన్నరలో తయారగుచుండగా రంగు వారముల తరబడి ఆరుచు కూర్చున్నచో కర్మాగారమునకు గతి యేమి? 1914 మొదలు 1925 వరకు మోడల్ టి కారు నల్లరంగులోనే లభించినది. ఒకే రంగును, త్వరగ పని జరుగు విధమున, తక్కువ ఖర్చుతో వేయుట అందలి ఉద్దేశము. కొనువానికి రంగు నెన్నుకొను అవకాశము పోయినది. కారు ధర తగ్గినది. చౌక అనునది ఊరక రాదు, ఎక్కడనో ఒకచోట దేనినో విడిచినగాని రాదు అనుటకు ఇది తొలి దృష్టాంతము. ఐనను ఫోర్డు విడిచినది అందమునే, బలమును కాదు. ఈ భేదమును గమనింపవలెను.

లోహమును నల్లగ పూసి పొయ్యిలో కాల్చు విద్యకు ‘జపానింగు’ అని పేరు. తూర్పు ఆసియా దేశముల లక్క సామానులను చూచి ముచ్చటపడిన ఐరోపావారు పదునేడవ శతాబ్దిలో వాటి ననుకరించుటకు మొదలిడిరి. ఇంగ్లండులోని బిల్‌స్టన్ పట్టణము ఈ విధమగు రేకు పళ్ళెములకు ప్రసిద్ధి కెక్కినది. అచ్చట 1854లో ఆరంభమైన జోసెఫ్ సాంకీ సంస్థ తొలుత పూతకు సిద్ధమగు రేకు పళ్ళెములను చేసి ఇచ్చెడిది. రేకును నొక్కి ఆకారము తెచ్చు నేర్పు వారికి పట్టుబడినది. ఆ నేర్పుతోనే వారు 1908లో నొక్కుడు ఉక్కుతో కారు చక్రమును చేసిరి. పళ్ళెము చేసిన చేతులే చక్రమును చేసినవన్నమాట. ఆనాటి నుండి పూతయు, చక్రమును ఒకే ఇంటి బిడ్డలై పెరిగినవి.

తడిరంగు ఆరుటకు పట్టు కాలమును తగ్గించిన ఘనత నైట్రోసెల్యులోజు లాకరుకు చెందును. అమెరికాలో డ్యూపాంటు సంస్థ, జనరల్ మోటార్సు సంస్థ కలసి సిద్ధపరచిన ‘డ్యూకో’ రంగు 1923లో ఓక్‌లాండు కార్లపై నీలివన్నెలతో వెలువడినది. వారముల పని గంటలకు వచ్చినది. పోయిన రంగులన్నియు తిరిగి వచ్చినవి. కాని ఈ రంగులో సగమునకు పైగ గాలిలో కలసిపోవు ద్రావకమే. అది మండు స్వభావము గలది, పీల్చువానికి హాని. ఆ లోపమును తీర్చుటకు మరి ముప్పది సంవత్సరములు పట్టినది.

ఇంతవరకు పై పూత కథ. దాని అడుగున జరిగిన కథ మరి రెండు శాఖలుగ నడచినది. ఆ రెండును 1906వ సంవత్సరముననే మొదలగుట విశేషము. ఆ యేట ఇంగ్లండులో థామస్ వాట్స్ కాస్‌లెట్ అను నతడు ఇనుమును ఫాస్ఫారిక్ ఆమ్లముతో సంస్కరించి తుప్పును నిరోధించు విధానమునకు పేటెంటు పొందెను. ఆమ్లము ఇనుముతో కలసి ఉపరితలమున సన్నని స్ఫటికముల పొర నేర్పరచును. గోడకు సున్నము పట్టుటకు ముందు గరుకు పూత అవసరమైనట్లే, రంగు లోహమును పట్టుకొనుటకు ఈ పొర ఆధారమగును. ఇట్టి సంస్కారము లేనిచోట రంగు లోహముపై కూర్చుండునేగాని దానిని పట్టుకొనదు. గీత పడినచోట తేమ దూరి, పూత క్రిందనే ప్రాకి, పొరలు పొరలుగ లేపివేయును. అల్యూమినియమునకు వేరు రసాయనములు వాడుదురు, సూత్రము మాత్రమొక్కటే.

అదే 1906లో బెర్లిన్ సమీపమున ఆల్ఫ్రెడ్ విల్మ్ అను లోహశాస్త్రజ్ఞుడు అల్యూమినియమును ఉక్కువలె గట్టిపరచవలెనని ప్రయత్నించుచుండెను. కొద్దిగ రాగియు, మెగ్నీషియమును కలిపిన అల్యూమినియమును కాల్చి, నీటిలో ముంచి, గట్టిదనమును కొలిచెను. ఫలము ఆశించినంత లేదు. రెండు దినముల పిమ్మట అదే ముక్కను తిరిగి కొలువగా అది చాల గట్టిపడి యున్నది. ఎవరును ముట్టని లోహము తనంతట తాను బలపడినది! ఈ మిశ్రలోహమే తరువాత డ్యూరాల్యూమినుగ ప్రసిద్ధమై విమానములకు ఎముకల గూడైనది. ఇది ఎట్లు సంభవించెనో విల్మునకు తెలియదు. 1938లో ఫ్రాన్సున గీనియే, ఇంగ్లండున ప్రెస్టన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు, ఒకరి సంగతి ఒకరెరుగకయే, ఎక్స్ కిరణముల సాయమున రహస్యమును ఛేదించిరి. లోహములోని ఇతర మూలకముల పరమాణువులు కంటికే గాక సూక్ష్మదర్శినికిని అందనంత చిన్న గుంపులుగ చేరి, లోహపు పొరలు ఒకదానిపై నొకటి జారకుండ అడ్డుపడును. అదియే బలము. ఆ గుంపులు తగిన పరిమాణమున నున్నంతవరకే బలము నిలుచును. వేడి మించినచో అవి ఒకదానితో నొకటి కలసి పెద్దవై, సంఖ్యలో తగ్గి, దూరదూరముగ నిలుచును. అపుడు లోహము మెత్తబడును.

ఈ సంగతికిని మన కారు చక్రమునకును సంబంధమేమన్నచో, నేడు మనము ‘అల్లాయ్ వీల్స్’ అని పిలుచు చక్రములు చాలవరకు ఈ విద్య ఫలితములే. 1924లో ఫ్రాన్సులోని లియాన్ నగరమున జరిగిన గ్రాండ్ ప్రీ పందెమునకు ఎత్తోరె బుగాటీ తన ‘టైప్ 35’ కార్లను తెచ్చెను. వాటికి పోత అల్యూమినియముతో చేసిన ఎనిమిది పలక ఆకుల చక్రము లుండెను. పందెమున టైర్లు బాధించినను, చక్రముల రూపము చరిత్రలో నిలిచినది. అటుపిమ్మట ఇట్టి చక్రములు పందెముల నుండి క్రమముగ గృహస్థుల కార్లకు దిగివచ్చినవి. సామాన్యముగ వాడు మిశ్రలోహమున నూటికి సుమారు 7 పాళ్ళు సిలికాను, అతి స్వల్పముగ మెగ్నీషియము ఉండును. పోతపోసిన చక్రమును సుమారు 540 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కొన్ని గంటలు ఉంచి, నీటిలో ముంచి, తిరిగి 150, 170 డిగ్రీల నడుమ కొన్ని గంటలు పెట్టుదురు. ఈ రెండవ కాల్పుతోనే దానికి బలము వచ్చును. అనగా చక్రపు బలము లోహములో లేదు. లోహము అనుభవించిన వేడిలో ఉన్నది. కమ్మరి ఎరిగిన సంగతియే ఇది.

ఇక పౌడర్ కోటింగు సంగతి. 1950 దశాబ్ది ఆరంభమున పశ్చిమ జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అను నతడు ప్లాస్టికు పొడిని తొట్టిలో పోసి, అడుగు నుండి గాలి నూది, ఆ పొడి నీటివలె తేలియాడునట్లు చేసెను. కాల్చిన లోహమును అందులో ముంచి తీయగా పొడి అంటుకొని కరిగి పూతయైనది. ఈ విధానమునకు 1953లో పేటెంటు కోరిరి. 1960 దశాబ్దిలో పొడికి విద్యుదావేశమిచ్చి తుపాకి వంటి సాధనముతో చల్లు పద్ధతి వచ్చినది. భూమికి కలిపిన లోహము పొడిని తనవైపునకు లాగుకొనును. పిమ్మట పొయ్యిలో పెట్టగా పొడి కరిగి, పరచుకొని, రసాయనికముగ బిగిసి ఒకే పొరగ నగును. ద్రావకముతో పని లేదు. 1966లో లాస్ ఏంజిలస్ మండలమున ద్రావకముల ఆవిరిని అరికట్టు నిబంధన వచ్చుటయు, 1970లో అమెరికాలో వాయుశుద్ధి చట్టము బలపడుటయు ఈ విధానమునకు బాటవేసినవి.

ద్రావకము లేకుండ రంగును వేడితో కరిగించి పూయుట మనకు అపరిచితము కాదు. అనకాపల్లి సీమలోని ఏటికొప్పాకలో బొమ్మలు చేయువారు అంకుడుకర్రను తరిమెనపై తిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఆనించుదురు. రాపిడి వలన పుట్టిన వేడికి లక్క కరిగి కర్రను అంటుకొని నిగనిగలాడును. ఒత్తిడి తగ్గినచో లక్క కరగదు. మించినచో రంగు చెడును. ఎంత ఆనించవలెనో ఆ పనివాని చేయి ఎరుగును. పౌడర్ కోటింగున ఆ చేతికి బదులు పొయ్యి ఉన్నది. ఆ పొయ్యిని ఎరిగినవాడు ఉన్నాడా లేడా అనునదే ప్రశ్న.

సామాన్యముగ ఈ పొడులు బిగియుటకు లోహము 180, 200 డిగ్రీల నడుమ పది మొదలు ఇరువది నిమిషము లుండవలెను. చక్రము బలమునకై పొందిన రెండవ కాల్పు కన్న ఇది కొంత హెచ్చు. కాని కాలము స్వల్పము. కనుక హద్దులో జరిగిన ఒక్క కాల్పు వలన చక్రమునకు చెప్పుకొనదగిన నష్టముండదు. నష్టము హద్దు దాటినపుడు వచ్చును. పాత రంగును రసాయనములతో ఓపికగ తీయుటకు బదులు కొందరు చక్రమును 350, 400 డిగ్రీల పొయ్యిలో పడవేసి కాల్చివేయుదురు. కొందరు గ్యాసు మంటను పట్టుదురు. రంగు క్షణములో పోవును. దానితోపాటు కర్మాగారములో గంటలకొలది శ్రమతో కూర్చిన బలమును పోవును. పైన క్రొత్త రంగు పడిన పిమ్మట ఆ చక్రమునకును, మంచి చక్రమునకును కంటికి భేదము కనబడదు. గోతిలో పడినపుడో, వేగముగ పోవుచు రాతిని తాకినపుడో భేదము తెలియును. అపుడు కారులో కుటుంబమంతయు ఉండవచ్చును.

ఇపుడు సగము ధరను పరీక్షింతము. వాడిన పొడికి అయిన ఖర్చు మొత్తములో కొద్ది భాగమే. ఎక్కువ భాగము పాత పూత తీయుటకు, కడుగుటకు, సంస్కారమునకు, పొయ్యికి, అన్నిటికి మించి మనిషి కాలమునకు పోవును. అందుచేత ధర సగమైనపుడు తగ్గునవి ఈ కంటికి కనబడని పనులే కావచ్చును. కాస్‌లెట్ నేర్పిన సంస్కారమును వదలినచో పూత ఒకటి రెండు వర్షకాలములలో లేచును. మచిలీపట్నము, విశాఖపట్నము వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి సోకి, పూత క్రింద చెదపురుగు మట్టిగీతల వలె సన్నని దారములు ప్రాకును. ఇంటిలోపలి సామానులకు తగిన ఎపాక్సీ పొడిని వాడినచో ఎండకు రంగు వెలిసి సుద్దవలె రాలును. ఆరుబయట తిరుగు చక్రమునకు పాలియెస్టరు జాతి పొడి తగును. పోతలోని సూక్ష్మరంధ్రముల గాలిని ముందుగ కాచి వెడలగొట్టనిచో పూతలో బుడగలు లేచును. ఇవన్నియు అందమునకు సంబంధించిన నష్టములు, ధనమిచ్చి దిద్దుకొనవచ్చును. విల్ము కనుగొన్న సంగతిని వదలినచో కలుగు నష్టము ప్రాణమునకు సంబంధించినది.

ఐనను చౌకయన్నంతనే చెడ్డదని మేము చెప్పుట లేదు. చిన్న కర్మశాలకు అద్దె తక్కువ, ఆర్భాటము తక్కువ; యజమాని తానే పనిచేయును. అట్టివాని ధర న్యాయముగనే తక్కువ కావచ్చును. పెద్ద పలక తగిలించినవాని పొయ్యికి ఉష్ణమాపకమే లేకపోవచ్చును. కనుక ధరను అడిగి ఊరకొనక, పనిని అడుగవలెను. పాత రంగును ఎట్లు తీయుదువు? పొయ్యి వేడిని దేనితో కొలుతువు? రంగు వేయుటకు ముందు లోహమును దేనితో సంస్కరింతువు? పగుళ్ళు ఉన్నవేమో చూతువా? హబ్బును తాకు ముఖమును, బోల్టులు కూర్చుండు గుంటలను పొడి పడకుండ మూయుదువా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగ తోచును. కాని పూత సామాన్యముగ 60 మొదలు 80 మైక్రానుల మందముండును. అది బోల్టు క్రింద నలిగినచో బిగింపు సడలును. పనినెరిగినవాడు ఈ ప్రశ్నలకు ఉత్సాహముతో జవాబు చెప్పును. విసుగుకొనువాడు తన జవాబును చెప్పినట్లే. టైరును విప్పకయే పౌడర్ కోటింగు చేసి యిచ్చెదమనువారు చేయునది పౌడర్ కోటింగే కాదు. పొయ్యిలోని ఆ వేడికి రబ్బరు నిలువదు.

ఇక నిర్ణయము. ఉక్కు చక్రములైనచో చౌకగ చేయించుటలో భయము తక్కువ. ఆ వేడి ఉక్కును మెత్తపరచదు. బోల్టుల గుంటలను మూసి చేసినచో, పని చెడినను పోవునది రంగే. వాలుబేరమైనను చేయించుకొనవచ్చును. సొట్టలు, పగుళ్ళు లేని అల్లాయ్ చక్రములైనచో పై ప్రశ్నలకు తృప్తికరమగు జవాబులిచ్చినవానికే ఇయ్యవలెను. ధర రెండవ విషయము. పలుమార్లు పూత మార్పించుట మంచిది కాదు, ఏలయన ప్రతి పూతయు ఒక కాల్పే. అట్టి పనివాడు దొరకనిచో తడిరంగుతో చక్కచేయించుటయో, వెలిసిన రంగునే సహించుటయో మేలు. రంగు వెలిసిన చక్రము సిగ్గుపడదగినదేగాని భయపడదగినది కాదు. పగిలినవి, వంగినవి, వెల్డింగు చేసినవి అగు అల్లాయ్ చక్రములను ఏ ధరకును పూయింపరాదు. అట్టి చక్రముపై మంచి పూత వేయుట, పగిలిన దూలమునకు సున్నము వేయుట వంటిది. కారుకు తిరిగి బిగించిన పిమ్మట కొన్ని పదుల కిలోమీటర్లు నడచినంతనే బోల్టుల బిగింపును మరల చూపించవలెను.

నల్లరంగుతో తృప్తిపడిన మోడల్ టి కొనుగోలుదారు తాను దేనిని విడిచెనో ఎరిగియే విడిచెను. అంత స్పష్టముగ తెలిసినచో సగము ధర నిజముగనే లాభము. ఏమి విడిచితిమో తెలియని చౌకను మాత్రము, మెరుగెంత యున్నను, చక్రము దగ్గరకు రానీయరాదు.